మడమ నొప్పికి కొలత తీసి చేసే ఇన్‌సోల్స్ ఎప్పుడు అవసరమవుతాయి?

ప్రశ్న – సత్యనారాయణపురం టీచర్, విజయవాడ

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. వయసు నలభై దాటింది. వేసవి సెలవుల తరువాత బడి తెరిచినప్పటి నుంచి కుడి మడమ అడుగున, కాస్త లోపలి వైపుకు, నొప్పి మొదలైంది. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు ప్రాణం పోయినంత పని అవుతుంది. వంటగదిలో అటూ ఇటూ కాసేపు తిరిగేసరికి సర్దుకుంటుంది. వరుసగా పీరియడ్లు నిలబడి చెప్పిన రోజున మాత్రం, సాయంత్రం కూర్చుని లేవగానే మళ్లీ పట్టుకుంటుంది. షుగర్ లేదు. బరువు ఉండవలసిన దానికంటే కొంచెం ఎక్కువే.

ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి, మడమ ఎముక కొద్దిగా పెరిగిందని చెప్పి, కొన్ని రోజులకు నొప్పి మాత్రలు, వాడుకకు ఎంసీఆర్ (మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు రాశారు. చెప్పులు వేసుకున్నంతసేపు హాయిగా ఉంది గానీ నొప్పి పూర్తిగా తగ్గలేదు. చెప్పులు కొనడానికి వెళ్లిన దుకాణంలో నన్ను ఒక యంత్రం మీద నిలబెట్టి, తెర మీద ఎరుపు, పసుపు రంగుల్లో నా పాదాల పటం చూపించారు. నాకు ఫ్లాట్ ఫుట్, అంటే వంపు లేని చదును పాదం, ఉందని, నా పాదానికి కొలత తీసి ప్రత్యేకంగా చేయించిన ఇన్‌సోల్స్ (పాదరక్షలో అరికాలి కింద అమర్చే పొరలు) వాడకపోతే రేపు మోకాళ్లు, నడుము కూడా దెబ్బతింటాయని అన్నారు. వాటి ధర కొన్ని వేల రూపాయలు. డబ్బు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు గానీ అది నిజంగా అవసరమో కాదో తెలుసుకోవాలని ఉంది. పైగా ఇంట్లో, గుడిలో, బంధువుల ఇళ్లలో మనం చెప్పులు విడిచే తిరుగుతాం కదా, బూటులో పెట్టుకునే వస్తువు మనలాంటివారికి ఎంతవరకు ఉపయోగపడుతుంది? అనుభవం ఉన్నవారు, వైద్య రంగంలో ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం – ఫిజియోథెరపిస్ట్, బ్రాడీపేట, గుంటూరు

మేడమ్, మీరు లక్షణాలను చాలా స్పష్టంగా రాశారు. ఉదయం మొదటి అడుగుకు విపరీతమైన నొప్పి, కాస్త నడిస్తే సర్దుకోవడం, ఎక్కువసేపు నిలబడ్డాక తిరగబెట్టడం, నొప్పి మడమ అడుగున లోపలి వైపు ఉండటం – ఈ నాలుగూ కలిసి ఉంటే మేము మొదట అనుమానించేది ప్లాంటార్ ఫేషియైటిస్. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల వరకు అరికాలి అడుగున ఒక గట్టి పొర ఉంటుంది. నడుస్తూ మడమ ఎత్తి వేళ్లు వెనక్కి వంగినప్పుడు ఆ పొర బిగిసి పాదం వంపును పైకి లేపుతుంది. రోజంతా గట్టి నేల మీద నిలబడటం, పెరిగిన బరువు, బిగుసుకుపోయిన పిక్క కండరాలు వంటి కారణాల వల్ల ఆ పొర మడమను అంటుకునే చోట దెబ్బతింటుంది. సెలవుల్లో విశ్రాంతిగా ఉండి, బడి తెరవగానే ఒక్కసారిగా గంటల తరబడి నిలబడటం దీనికి బాగా సరిపోయే కారణం. అయితే తెర మీది అక్షరాలను చూసి రోగ నిర్ధారణ చేయడం తగదు కాబట్టి, పాదాన్ని చేత్తో పట్టి చూసినవారి మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి.

ఎక్స్‌రేలో కనిపించిన ఎముక గురించి భయపడవద్దు. ఏ నొప్పీ లేని ఎందరో మనుషుల మడమల్లో కూడా అలాంటి ఎముక పెరుగుదల కనిపిస్తుంది, దానిని అలాగే ఉంచి నొప్పి పూర్తిగా తగ్గినవారు కూడా చాలామంది ఉన్నారు. రంగుల పటం విషయం కూడా ఇంచుమించు ఇటువంటిదే. ఆ యంత్రం మీరు కదలకుండా నిలబడినప్పుడు పాదంలో ఏ భాగం మీద ఎంత ఒత్తిడి పడుతున్నదో చూపిస్తుంది, అంతవరకు నిజమే. కానీ మీ నొప్పికి కారణమేమిటో, నడిచేటప్పుడు ఆ వంపు ఎలా పనిచేస్తున్నదో అది చెప్పలేదు. పాదం చదునుగా ఉండటం దానంతట అది జబ్బు కాదు. జీవితమంతా చదును పాదాలతో పొలం పనులు చేసి, ఏనాడూ కాలు నొప్పి అనని వారు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. ఇన్‌సోల్స్ వేసుకోకపోతే మోకాళ్లు పాడవుతాయని నొప్పి లేని మనిషికి చెప్పడానికి తగిన ఆధారం లేదు, ఆ మాటతో ఎవరైనా భయపెట్టి అమ్మజూస్తే అక్కడ కొనకుండా బయటకు రావడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మీ అసలు ప్రశ్న. మీకున్న ఈ ఒక్క సమస్యకు సంబంధించినంతవరకు పరిశోధనలు చెప్పేది చాలా వరకు స్పష్టంగానే ఉంది. ఆస్ట్రేలియాలో 135 మంది ప్లాంటార్ ఫేషియైటిస్ రోగులను మూడు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి పేరుకు మాత్రమే ఉన్న మెత్తని ఇన్‌సోల్, రెండవ వర్గానికి దుకాణంలో దొరికే సిద్ధమైన గట్టి ఇన్‌సోల్, మూడవ వర్గానికి కొలత తీసి చేసినది ఇచ్చి ఏడాది పాటు గమనించారు. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. మూడు నెలల నాటికి సిద్ధమైనవి, కొలతకు చేసినవి రెండూ నడకను కొద్దిగా మెరుగుపరిచాయి, ఆ రెండింటి మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడాది ముగిసేసరికి మూడు వర్గాల వారూ ఇంచుమించు ఒకే స్థితికి చేరుకున్నారు. ఆ తరువాత అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి సమీక్ష కూడా ఇదే దారిలో ఉంది. ఇన్‌సోల్స్ వల్ల కొన్ని వారాల నుంచి మూడు నెలల వరకు నొప్పిలో కొంత ఉపశమనం ఉంటుంది గానీ, ఖరీదైనది చౌకదాని కంటే మెరుగని తేలలేదు.

కాబట్టి మీ వంటివారికి నేను చెప్పే వరుస ఇది. మొదట, మంచం దిగకముందే కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండవ మోకాలి మీద వేసుకుని, చేత్తో వేళ్లను వెనక్కి లాగి పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉంచండి. అలా పదిసార్లు చేసి, ఆ తరువాతే పాదం నేల మీద పెట్టండి, పగలు కూడా రెండుసార్లు చేయండి. గోడకు చేతులు ఆనించి పిక్కను సాగదీసే వ్యాయామం కూడా రోజూ కావాలి. నొప్పి కొంత అదుపులోకి వచ్చాక, మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, నెమ్మదిగా మడమ ఎత్తి దించే బలవర్ధక వ్యాయామాన్ని రోజు విడిచి రోజు చేయాలి. డెన్మార్క్‌లో చేసిన ఒక అధ్యయనంలో ఈ వ్యాయామం చేసినవారు సాగదీత మాత్రమే చేసినవారి కంటే మూడు నెలలకు మెరుగ్గా ఉన్నారు. దీనితో పాటు మడమ దగ్గర గట్టి పట్టు, వంపు దగ్గర ఆసరా ఉన్న సిద్ధమైన ఇన్‌సోల్ ఒకటి కొని, పూర్తిగా మూసి ఉండే బూటులో ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడి చూడండి. ఎంసీఆర్ చెప్పు మెత్తగా ఉంటుంది గానీ వంపును పట్టి ఉంచదు, మీకు హాయి మాత్రమే దొరికి నొప్పి తగ్గకపోవడానికి అది ఒక కారణం కావచ్చు.

మా దగ్గర మేము చేసే చిన్న పరీక్ష ఒకటి ఉంది. పాదం వంపును పైకి ఎత్తి పట్టేలా అరికాలికి టేపు అంటించి కొద్ది రోజులు నడవమంటాము. టేపు ఉన్నంతకాలం నొప్పి బాగా తగ్గి, తీసేయగానే తిరిగి వస్తే, ఆ పాదానికి ఆసరా వల్ల మేలు ఉంటుందని ఒక సూచన దొరికినట్టే. టేపుతో ఏ మార్పూ లేకపోతే ఇన్‌సోల్ మీద పెద్ద ఆశ పెట్టుకోకుండా కారణం కోసం మరోచోట వెతుకుతాము.

కొలత తీసి చేయించవలసిన పాదాలు లేవని నా ఉద్దేశం కాదు. వంపు మరీ ఎత్తుగా ఉండి, మడమ మీద, ముందుపాదం మీద మాత్రమే బరువు పడి, అక్కడ నొప్పి, ఆనెలు వచ్చే పాదం వాటిలో మొదటిది. దుకాణంలో దొరికే ఇన్‌సోల్ ఆ వంపును అందుకోలేదు. 2008లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో (వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ సమీక్ష ఇది), 11 పరీక్షల్లో పాల్గొన్న 1,332 మంది ఫలితాలను పరిశీలించినప్పుడు, కొలతకు చేసిన ఇన్‌సోల్స్‌కు అన్నిటికంటే బలమైన ఆధారం దొరికింది ఇటువంటి పాదాల విషయంలోనే. రుమటాయిడ్ కీళ్లవాతంతో మడమ భాగం నొప్పిగా ఉన్నవారు రెండవ వర్గం. మూడవది, నడివయసు దాటాక ఒక కాలి వంపు మాత్రమే క్రమంగా కుంగిపోవడం. చీలమండ లోపలి వైపు నొప్పి, వాపు ఉండి, ఆ ఒక్క కాలి మీద నిలబడి మడమ పైకి ఎత్తలేకపోతే, వంపును నిలిపే స్నాయువు దెబ్బతిన్నదని అర్థం. ఇందులో ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే పాదం వంగే స్థితిలో ఉన్నప్పుడు ఇన్‌సోల్‌తోనో, చీలమండను పట్టి ఉంచే బ్రేస్‌తోనో ఆపగలిగినది, బిగుసుకుపోయాక శస్త్రచికిత్స వరకు వెళ్లవచ్చు. మీరు ఈ రోజే గోడ పట్టుకుని కుడి కాలి మీద మాత్రమే నిలబడి మడమ ఎత్తి చూడండి.

ఇన్‌సోల్స్ ప్రసక్తే లేకుండా నేరుగా వైద్యుణ్ణి కలవవలసిన సందర్భాలు కూడా చెప్పాలి. రాత్రి నిద్రలో లేపే నొప్పి, జ్వరంతో కూడిన వాపు, మంటలు, తిమ్మిర్లు, మడమను రెండు పక్కల నుంచి నొక్కితే భరించలేని నొప్పి, యువకుల్లో రెండు మడమలూ నొప్పిగా ఉండి ఉదయం నడుము అరగంటకు మించి పట్టేసి ఉండటం – వీటిలో ఏది ఉన్నా ముందు కారణం తేలాలి.

సమాధానం – మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు

పై సమాధానం చదివాక, నొప్పి లేకపోయినా ఇన్‌సోల్స్ అవసరమయ్యే మరో వర్గం గురించి నా బోటివాడు చెప్పడం మంచిదనిపించింది. నాకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. పని యార్డులో, టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య రోజంతా తిరుగుడు. ఒకనాడు ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అరికాలిలో దిగిన చిన్న మేకును నా భార్య చూసింది. అది ఎప్పుడు గుచ్చుకున్నదో నాకు తెలియనే తెలియదు. డాక్టరు గారు సన్నని నైలాను దారం వంటిదానితో అరికాలిలో అక్కడక్కడా తాకించి, తెలిసినప్పుడు చెప్పమన్నారు. చాలా చోట్ల తాకినట్టే తెలియలేదు. పది గ్రాముల ఒత్తిడికి వంగే ఆ దారంతో చేసే పరీక్ష షుగర్ ఉన్న ప్రతివారికీ ఏడాదికొకసారైనా చేయాలట.

స్పర్శ పోయిన పాదంలో నొప్పి ఉండదు కాబట్టి మనిషి జాగ్రత్త పడడు, ఒకే చోట పదే పదే ఒత్తిడి పడి ఆనె కడుతుంది, ఆనె కింద పుండు తయారవుతుంది. ఒకసారి పుండు పడి మానినవారిలో ఏడాది తిరగకముందే సుమారు 40 శాతం మందికి మళ్లీ పుండు పడుతుందని మా డాక్టరు గారు చెప్పారు. అందుకే నాకు పాదం అచ్చు తీసి, ఒత్తిడి అరికాలంతటా సర్దుకునేలా మెత్తని పొరలతో ఇన్‌సోల్ చేసి, అది పట్టేంత లోతు, వెనుక పట్టీ ఉన్న చెప్పుల్లో అమర్చి ఇచ్చారు. వీటి వల్ల నాకు హాయి ఏమీ తెలియదు, తెలిసే పాదం కాదు కదా, అయినా బొటనవేలి మొదట్లో ఎప్పుడూ కట్టే ఆనె ఇప్పుడు కట్టడం లేదు.

మన ప్రాంతంలో ఉన్న రెండు అలవాట్ల గురించి షుగర్ ఉన్నవారికి చేతులెత్తి మొక్కి చెబుతున్నాను. అయ్యప్ప దీక్ష గానీ భవానీ దీక్ష గానీ తీసుకుని మండలం పాటు, అంటే 41 రోజులు, ఉత్త కాళ్లతో తిరగాలనుకునేవారు ముందుగా పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. స్పర్శ పోయిందని తేలితే ఆ సంగతి గురుస్వామికి చెప్పి, పాదరక్షల విషయంలో మినహాయింపు అడగండి. వేసవిలో ఇంద్రకీలాద్రి మీద గానీ కోటప్పకొండ మీద గానీ కాలిన రాతి మీద నడిచి, అరికాళ్లు బొబ్బలెక్కినా తెలియక ఇంటికి చేరేవారు ఉంటారు. ఎండెక్కకముందే దర్శనం చేసుకుని రావడం మేలు. ఒక పాదం రెండవదానికంటే వేడిగా, ఎర్రగా, వాచి ఉంటే, నొప్పి లేదని ఊరుకోకుండా కాలు నేల మీద మోపకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అటువంటప్పుడు లోపల ఎముకలు కుంగుతుండవచ్చునని, నడిచేకొద్దీ పాదం ఆకారమే మారిపోతుందని నాకు చెప్పారు.

సమాధానం – ఆర్థోటిస్ట్, విజయవాడ

నేను ఈ ఇన్‌సోల్స్ తయారుచేసే వృత్తిలోనే ఉన్నాను. అయినా టీచర్ గారికి ఫిజియోథెరపిస్ట్ గారు చెప్పిన వరుసే సరైనదని నా అభిప్రాయం. కారణం తేలకుండా, ముందుగా చౌకైన దారులు చూడకుండా నా దగ్గరకు వచ్చినవారికి మంచి ఫలితం ఇవ్వడం నాకూ కష్టమే.

చేయించుకోవాలని నిర్ణయమైనప్పుడు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. కొలత తీసే మనిషి మీ పాదాన్ని చేత్తో కదిలించి చూడాలి, చీలమండ ఎంత వంగుతున్నదో, వంపు వంగేదో బిగుసుకున్నదో, రెండు కాళ్ల పొడవులో తేడా ఉన్నదో చూడాలి, మీ నడకను ముందు నుంచి, వెనుక నుంచి గమనించాలి, మీరు రోజూ వాడే పాదరక్షలను తెప్పించి వాటి అడుగు ఎటు అరిగిందో పరిశీలించాలి. ఇవేవీ లేకుండా యంత్రం మీద ఒక్క నిమిషం నిలబెట్టి ఆర్డరు రాసుకుంటే, అది కొలతకు చేసిన ఇన్‌సోల్ అనిపించుకోదు. చాలా సందర్భాల్లో సిద్ధంగా ఉన్న సైజుల్లో ఒకదాన్ని ఎంచి కొద్దిగా మార్చి ఇస్తారు. అచ్చును ప్లాస్టర్ పట్టీతో తీయవచ్చు, మెత్తని ఫోమ్ పెట్టెలో పాదం నొక్కించి తీయవచ్చు, త్రీడీ స్కానర్‌తో తీయవచ్చు. పద్ధతి కంటే, తీసే సమయంలో పాదాన్ని ఏ స్థితిలో ఉంచారన్నది ముఖ్యం. ఈ పని చేసేవారు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, ఆ నమోదు సంఖ్యను అడగడానికి మొహమాటపడవద్దు.

ఏ పదార్థంతో చేయాలన్నది పాదాన్ని బట్టి ఉంటుంది. వంపును నిలపవలసిన చోట పాలీప్రొపిలీన్ వంటి గట్టి రేకును వాడతాము. షుగర్‌తో స్పర్శ పోయిన పాదానికి దానిని నేరుగా తగలనిస్తే అదే పుండుకు కారణమవుతుంది, అందుకే అక్కడ మెత్తని ఫోమ్ పొరలు, మైక్రోసెల్యులర్ రబ్బరు వాడతాము. మన దగ్గర ఎంసీఆర్ అని అందరూ పిలిచే ఆ రబ్బరు చెప్పులు, వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కుష్టు రోగుల స్పర్శ పోయిన పాదాలను కాపాడటానికి సాగించిన కృషితో ప్రచారంలోకి వచ్చాయి. పుండ్లకు మూలం స్పర్శ లేకపోవడమేనని, ఒత్తిడిని తగ్గిస్తే పాదం నిలుస్తుందని వారు చూపించిన దారిలోనే ఇవాళ షుగర్ పాదాల సంరక్షణ నడుస్తున్నది.

కొత్త ఇన్‌సోల్‌ను మొదటి రోజే పొద్దస్తమానం వేసుకోకూడదు. మొదటి రోజు గంటసేపు, తరువాత రోజూ కొంచెం పెంచుకుంటూ రెండు వారాల్లో పూర్తి వాడకానికి రావాలి. కొద్దిగా కొత్తగా అనిపించడం సహజం, కానీ గుచ్చుకున్నా, ఎర్రబడినా, మోకాలు కొత్తగా నొప్పెట్టినా తీసేసి మళ్లీ చూపించాలి. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి పిలిచి, అవసరమైన చోట అరగదీసి సరిచేయడం తయారీలో భాగమే, దానికి వేరే రుసుము ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

చెప్పులు విడిచే అలవాటు గురించి మీరు అడిగినది చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే మన దగ్గర ఇన్‌సోల్స్ విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. బడిలో బూటు వేసుకుని, ఇంటికి రాగానే గ్రానైట్ నేల మీద ఉత్త కాళ్లతో వంట, ఇంటిపని అంతా చేస్తే, పాదానికి ఆసరా దొరికేది సగం పూట మాత్రమే. ఇంటి లోపల మాత్రమే వాడే చెప్పుల జత ఒకటి, వంపు దగ్గర ఎత్తు, వెనుక పట్టీ ఉన్నది, పడక పక్కనే పెట్టుకుని, మొదటి అడుగు దానిలోనే వేయండి. పూజగది, గుడి వంటి చోట్ల విడిచిన కొద్దిసేపటి వల్ల నష్టం లేదు. కొలతకు చేయించవలసి వచ్చినా, బూటులో పెట్టేదానికి బదులుగా శాండిల్‌లోనే అమర్చి ఇవ్వమని అడగవచ్చు. పలుచని ఫ్యాన్సీ చెప్పుల్లో మాత్రం ఏ ఇన్‌సోలూ నిలవదు.

తిరిగి – సత్యనారాయణపురం టీచర్

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఒంటికాలి మీద మడమ ఎత్తి చూశాను, కొంచెం నొప్పి ఉన్నా ఎత్తగలుగుతున్నాను, రెండు కాళ్లూ ఒకేలా ఉన్నాయి. కొలతకు చేయించే ఆలోచన ప్రస్తుతానికి విరమించుకుని, వ్యాయామాలు, సిద్ధమైన ఇన్‌సోల్, ఇంటి చెప్పులు మొదలుపెడతాను. ఇంకొక్క సందేహం. మా అక్క కూతురికి ఐదేళ్లు, నిలబడితే పాదాలు పూర్తిగా చదునుగా ఉంటాయి. పాపకు నొప్పి లేదు, బాగా పరుగెడుతుంది. అదే దుకాణంలో పాపకు కూడా ఇన్‌సోల్స్ చేయించమని అక్కకు చెప్పారట. అవసరమా? మరి నా విషయంలో ఎంతకాలం చూసి, తగ్గకపోతే తరువాతి అడుగు వేయాలి?

సమాధానం – ఫిజియోథెరపిస్ట్, బ్రాడీపేట, గుంటూరు

పాప విషయంలో మీ అక్కయ్య గారు నిశ్చింతగా ఉండవచ్చు. ఆ వయసులో చదును పాదం సహజం, వంపు పదేళ్ల వరకు క్రమంగా ఏర్పడుతూనే ఉంటుంది. పాపను మునివేళ్ల మీద నిలబడమనండి. అప్పుడు వంపు కనిపించి, మడమలు లోపలి వైపుకు తిరిగితే అది వంగే చదును పాదం, నొప్పి లేనప్పుడు దానికి ఏ ఇన్‌సోలూ అవసరం లేదు, వేయించినంత మాత్రాన వంపు త్వరగా రాదు కూడా. మునివేళ్ల మీద నిలబడినా పాదం చదునుగానే, బిగుసుకుని ఉన్నా, ఒక కాలికి మాత్రమే ఉన్నా, కాళ్లు నొప్పులని ఆట మానేస్తున్నా పిల్లల ఎముకల వైద్యుడికి చూపించండి.

మీ విషయంలో మూడు నెలలు గట్టిగా చేయండి. ఈ నొప్పి వచ్చినవారిలో అత్యధికులకు శస్త్రచికిత్స లేకుండానే తగ్గుతుంది, కానీ కొందరికి ఏడాది వరకు పడుతుంది కాబట్టి మధ్యలో నిరాశపడి మానేయవద్దు. సిద్ధమైన ఇన్‌సోల్‌తో నొప్పి సగం తగ్గి అక్కడే ఆగిపోతే, లేదా అది మీ పాదానికి సరిపడక ఒకవైపు ఒత్తుకుంటుంటే, అప్పుడు కొలతకు చేయించడం గురించి ఆలోచించడం న్యాయంగా ఉంటుంది. ఏ మార్పూ లేకపోతే ఇన్‌సోల్ మార్చడం కాదు, రోగ నిర్ధారణనే మళ్లీ చూడాలి. అప్పుడు ఎముకల వైద్యుడికి గానీ, పునరావాస వైద్యం చూసే పీఎంఆర్ వైద్యుడికి గానీ చూపించి, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేయించుకోండి. ఆ దశలో ఎవరైనా మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ సూచిస్తే, ఉపశమనం త్వరగా వస్తుంది గానీ కొద్ది వారాలే ఉంటుందని, పదే పదే చేయించుకుంటే ఆ పొర తెగే ప్రమాదం, మడమ కింది కొవ్వు పలచబడే ప్రమాదం ఉన్నాయని తెలిసి నిర్ణయించుకోండి. ఈలోగా తరగతిలో ఒక ఎత్తైన స్టూలు వేయించుకుని, పీరియడ్ మధ్యలో కాసేపు కూర్చుని చెప్పడానికి ప్రధానోపాధ్యాయుల వారిని అడగండి.